బిళ్ళల సీసాలో మ్యూయాన్

నేను ఒక గాజు సీసాను. నన్ను ఊదినవాడు మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాడేమో, నా అంచున చిన్న వంకర ఉండిపోయింది. విజయనగరంలో ఒక కిరాణా కొట్టులో పద్దెనిమిదేళ్ళు నిమ్మతొనల బిళ్ళలు మోశాను. ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాక కొట్టువాళ్ళు నన్ను పైడమ్మకు ఇచ్చేశారు. ఆమె ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు అటెండరు. నాలో పంచదార పోసి ల్యాబు అలమరలో పెట్టుకుంది.

అక్కడ సుభాషిణి మేడం పాఠాలు చెప్పేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ఏడు ఫిజిక్స్ గ్రూపులో చేరింది ఏడుగురే. వేసవికి ఆ గ్రూపు ఎత్తేస్తున్నామని కాగితం వచ్చింది. అప్పటినుంచి ఆవిడ పుస్తకం చూసి చదివేసి వెళ్ళిపోయేవారు. ఆ చదివింది కూడా శ్రద్ధగా విన్నది గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న పైడమ్మే. హాజరుపట్టీలో ఆమె పేరు లేదు. మనుషుల పట్టీలు అలాగే ఉంటాయి.

ఒకరోజు టీ అందిస్తూ అడిగింది.

"మేడమ్మగారూ, కాలం అందరికీ ఒకేలాగ నడుత్తాదా? మా ఆయన ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ గడియారం కదల్నేదు."

"అది మనసుకి అనిపించడం పైడమ్మా," అని మేడం కప్పు అందుకున్నారు. కానీ ఊరుకోలేకపోయారు. "నిజంగా కాలం నెమ్మదించేవీ ఉన్నాయి. ఆకాశంలో చాలా ఎత్తున మ్యూయాన్లని చిన్న కణాలు పుడతాయి. సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే, రెండు ముక్కలపాటే వాటి బతుకు. ఆ లెక్కన ఒక కిలోమీటరైనా దిగకుండానే పోవాలి. కానీ నేలదాకా వస్తాయి. వెలుతురుతో దాదాపు సమానంగా పరిగెడతాయి కదా, ఆ పరుగులో వాటి కాలం మన కాలంకంటే నెమ్మదిగా నడుస్తుంది."

పైడమ్మ నోరు తెరుచుకుని వింది.

"మీరు సూసారా?"

మేడం కప్పు పక్కన పెట్టేశారు.

"లేదు," అన్నారు. "ఇన్నేళ్ళూ పుస్తకంలో ఉన్నదే చెప్పాను."

మర్నాడు, మ్యూయాన్ జాడ కంటితో చూడటానికి, నాలోని పంచదార గిన్నెలోకి మారింది. మేడం నా లోపలి అడుగున స్పిరిట్‌తో తడిపిన దళసరి గుడ్డ అంటించి, మూతకు నల్ల కాగితం వేసి, నన్ను బోర్లించారు. మూత కింద ఐస్‌క్రీం కంపెనీ నుంచి తెప్పించిన డ్రై ఐస్, మామూలు ఐసుకంటే ఎన్నో రెట్లు చల్లనిది. పక్కనుంచి టార్చిలైటు. స్పిరిట్ ఆవిరి నాలో మంచులా పట్టింది గానీ, మ్యూయాన్ దూసుకెళ్తే అందులో పడాల్సిన గీత కనిపించలేదు. రెండోవారమూ అంతే. ఏడుగురు పిల్లలూ నవ్వు ఆపుకున్నారు. మేడం టార్చి ఆర్పేసి, "నా వల్ల కాదులే," అన్నారు. ఆ గొంతు విని నాకే జాలేసింది.

పైడమ్మ నా అంచు తడిమి చూసింది. "ఇక్కడ వంకరుందమ్మా. గాలి దూరిపోతంది. సీసా ఏటి సేత్తాది, పాపం!" పాత సైకిలు ట్యూబు కత్తిరించి నా మూతికి బిగించింది.

మూడోసారి, పావుగంట గడిచాక, నాలోని మంచులో వెంట్రుకంత సన్నని తెల్లగీత తిన్నగా మెరిసి చెరిగిపోయింది. ఆ వెంటనే ఇంకొకటి. నాకేమీ తగిలినట్టే లేదు. పిల్లలు కేకలు పెట్టారు.

"అంత తిన్నగా వచ్చిందంటే మ్యూయానే అయ్యుంటుంది," అన్నారు మేడం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

గ్రూపు మాత్రం నిలవలేదు. వేసవిలో మేడంకు రాజమండ్రి బదిలీ అయింది. పైడమ్మను లైబ్రరీకి వేశారు. ల్యాబుకు తాళం పడేముందు ఆమె నన్ను ఇంటికి తెచ్చుకుంది. ఆదివారాలు నా పక్కనే కూర్చుని, స్పీకరు పెట్టి, మేడంకు ఫోను చేస్తుంది. మొన్న ఇలా అడిగింది.

"అమ్మా, ఒక మ్యూయాను దారిలోనే పోతాది, ఇంకోటి మన సీసా దాకా వత్తాది. రెండూ ఒకలాంటియే కదా? ఏది ఎప్పుడు పోవాలో దానికి ఎవులు సెప్తారు?"

అవతల మేడం పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"ఎవరూ చెప్పరు పైడమ్మా. సగటున ఎంత బతుకుతాయో చెప్పగలం. ఫలానా ఒక్కటి ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు."

"పెద్దపెద్ద సదువులోలికి కూడానా?"

"వాళ్ళకీ తెలియదు."

పైడమ్మ ముఖం వెలిగిపోయింది.

"అయితే మీరూ నానూ ఒకే కలాసులో కూకున్నామన్నమాట!"