నాలుగింటికే రేపు

నేను ఒక తేదీ ముద్రను. నల్ల పిడి, ఇనుప చట్రం, అందులో మూడు రబ్బరు పట్టీలు. ఒకటి రోజుకు, ఒకటి నెలకు, ఒకటి ఏడాదికి. పుట్టింది ఏదో కార్ఖానాలో. బుద్ధి వచ్చింది మాత్రం బొగ్గుగనుల ఊళ్ళో, వీరేశం సేటు కాగితాల దుకాణంలో. "తేదీ లేని కాగితమైనా, తూకం లేని సరుకైనా ఒకటే" అనేవాడాయన. నన్ను కొనవచ్చిన గుమాస్తా భూమేశ్వర్ బేరమాడితే, "పన్నెండేండ్లు పనిచేస్తది సారు" అని ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. అందులో రెండేళ్ళు దుకాణం అద్దాల వెనకే గడిచిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. వ్యాపారమంటే అంతే. నేను తప్పు పట్టను.

భూమేశ్వర్ పనిచేసేది గనుల్లోంచి రిటైరైన కార్మికులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా దరఖాస్తులు తీసుకునే కార్యాలయంలో. అక్కడి షరతు సూటిగా ఉండేది. దిగిపోయిన ఆరు నెలల్లో చేరితే మామూలు చందా. ఒక్క రోజు దాటినా అది ఏడాది ఆలస్యం కిందే లెక్క, ఏడాదికి పది శాతం అదనం. అదీ ఒకసారి కట్టి వదిలించుకునేది కాదు, బతికినంత కాలం కట్టాలి. ఆ ఒక్క రోజు ఏదో చెప్పవలసింది నేను.

మనుషులు నన్ను నమ్మేవారు. వాళ్ళకు తెలియనిదేమిటంటే, భూమేశ్వర్ నాలుగు కొట్టగానే నన్ను మర్నాటి తేదీకి తిప్పేసేవాడు. పొద్దున్నే వేళ్ళకు సిరా అంటకూడదని. కార్యాలయం మూసేది అయిదింటికి. అంటే ఎనిమిదేళ్ళుగా రోజుకొక గంట నేను దొంగ తూకం వేశాను. ఎంతమందికి ఎంత నష్టమైందో లెక్క కట్టబోయి మానేశాను.

ఆ రోజు జూన్ ముప్ఫై. నాలుగుంబావుకు ఎల్లక్క వచ్చింది. అంగట్లో ఎండుచేపలమ్మే మనిషి. గంప దించకుండానే కాగితం ముందుకు తోసింది. ఆమె భర్త ఓదెలు డిసెంబరు ఆఖరున గనిలోంచి దిగిపోయాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. గని ఇచ్చిన ఇత్తడి బిళ్ళ నంబరు చూపిస్తే ఆసుపత్రిలో మందులిచ్చే ముసలాయన పాత స్నేహం కొద్దీ ఆరు నెలలూ గోలీలిచ్చాడు. బిళ్ళ ఉన్నన్నాళ్ళూ వైద్యం ఉన్నట్టేనని ఓదెలు ధీమా. ఆ పొద్దున ముసలాయన సెలవు. కొత్తాయన బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చెల్లదు, బీమా కార్డు తే, గడువు ఇయ్యాలటికే" అన్నాడు.

భూమేశ్వర్ నన్ను సిరాలో అద్ది దరఖాస్తు మీద ఒత్తాడు. రసీదు మీదా ఒత్తాడు. జులై ఒకటి.

ఎల్లక్కకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. రసీదు కళ్ళ దగ్గర పెట్టుకుంది.

"సారూ, ఇయ్యాల ముప్ఫై గదా. ఒకటి ఏసినవేంది?"

"నాలుగు దాటితే రేపటి కిందికొస్తదక్కా. ఒక్క రోజే గదా."

"ఒక్క రోజేనా? అయితే నీ జీతంల నుంచి కట్టు, నేను పోత."

వెనక వరసలో ఎవరో నవ్వారు. భూమేశ్వర్ ఫైలు మూశాడు. "రూలక్కా. నా చేతుల లేదు."

"నాలుగు దాటిందని నేను కిలో రాయి తీసి ముప్పావు రాయి పెట్టి చేపలు జోకితే, ఊకుంటవా సారూ?"

ఎల్లక్క గంప దించి, పంకా కింద పెట్టి, మీద కప్పిన గోనె తీసింది. పక్కనే చతికిలబడింది. అయిదు నిమిషాల్లో లోపలి గదిలోంచి అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. ఆమె లేవకుండానే రసీదు చూపించింది, తర్వాత గోడ మీది గడియారం చూపించింది. నాలుగున్నర.

"తిప్పవయ్యా వెనక్కి" అన్నాడు అధికారి.

"ఇది వెనక్కి తిరగది సార్" అన్నాడు భూమేశ్వర్.

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఎవరైనా తిప్పి చూశారా? పట్టీల సందుల్లో సిరా గడ్డకట్టి ఉంది, నిజమే. నెల పట్టీ వెనక్కి లాగితే చీలుతుంది, అదీ నిజమే. ఒకవైపు నా మిగతా రెండేళ్ళ కొలువు, ఇంకోవైపు ఓదెలు ఊపిరి. వీరేశం సేటు దగ్గర పెరిగినదాన్ని, ఇది కూడా తెలియని బేరమా? అధికారి నన్ను అందుకుని పట్టీలు వెనక్కి లాగాడు, నేను తిరిగాను. పట్టీ పటుక్కున చీలింది గానీ పడవలసిన ముద్ర పడింది. జూన్ ముప్ఫై. పాతది కొట్టేసి అధికారి సంతకం చేశాడు.

భూమేశ్వర్ నన్ను చెత్తబుట్టలోకి విసిరాడు. ఎల్లక్క వంగి తీసుకుంది.

"పాడైంది గదక్కా, ఏం జేస్కుంటవ్?"

"మంచిగైనంక పాడైందంటవేంది సారూ."

ఇప్పుడు నేను అంగట్లో ఆమె పాత పేపర్లు గాలికి ఎగరకుండా బరువుగా కూర్చుంటున్నాను. చేపల వాసనకు అలవాటు పడ్డాను. బేరానికొచ్చిన ఆడవాళ్ళను ఎల్లక్క ముందు చేపల సంగతి అడగదు. "మీ ఆయన దిగిపోయి ఎన్ని నెలలాయె? బిళ్ళ నమ్ముకోని కూసున్నడా?" అంటుంది. నన్ను తిరగేసి చూపిస్తుంది. "పొద్దుగాల్నే పో. ముద్ర ఏసినంక తారీఖు చూస్కో. తప్పుంటే ఆడనే కూసో."

కార్యాలయానికి కొత్త ముద్ర వచ్చిందట. నాలుగింటికి దాన్నీ తిప్పుతున్నారేమో నాకు తెలియదు. నా మీద మాత్రం జూన్ ముప్ఫై అలాగే ఉంది. ఇక నన్నెవరూ ముందుకు తిప్పలేరు.