మంద దాటిపోయిన చోటు

మా సర్వే ఆఫీసులో నేల మీద గచ్చు లేదు, కోసిన వరి కొయ్యకాళ్లున్నాయి, నా కుర్చీ కాళ్లు వాటి మధ్య తడిమట్టిలోకి కొద్దికొద్దిగా దిగుతున్నాయి, అయినా నేను లేవకుండా పటం మీద గీతలు గీస్తూనే ఉన్నాను, ఎందుకంటే సాయంత్రంలోపు దీన్ని పూర్తిచేసి ఇవ్వాలి, ఎవరికివ్వాలో మాత్రం గుర్తు రావడం లేదు. బీరువాల వెనక నుంచి గంట వినిపిస్తోంది. అది బొల్లి మెడలో గంట. బొల్లి అంటే మా మందకు ముందు నడిచే గొర్రె, నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. గంట వెనక గొర్రెలు వస్తాయి, గొర్రెల వెనక నాయిన వస్తాడు, పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన వరస అది, కాబట్టి తల ఎత్తకుండానే నాయిన వస్తున్నాడని తెలుస్తుంది, ఆయన పోయి పదకొండు నెలలైందని కూడా తెలుస్తుంది, ఆ రెండు సంగతులూ ఒకదాన్నొకటి ఏమీ అనకుండా నాలో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి.

గొర్రెలు బల్లల కింద నుంచి, ఫైళ్ల కట్టల మధ్య నుంచి పోతున్నాయి. అడుగుల చప్పుడు లేదు, ఉన్ని తడిసిన వాసన మాత్రం గదంతా ఉంది. నాయిన గొంగడి తల మీదుగా కప్పుకుని, చేతిలో కర్ర లేకుండా, నా బల్ల దాటిపోతాడు. ముఖం కనబడదు. నేను పటం చుట్టి చంకలో పెట్టుకుని వెనక పడతాను.

"యాడికి నాయినా?"

"యాడికేంది. తూర్పుకే. మంద లేచే పొద్దొచ్చి నెల కాలేదా?"

తూర్పుకు పోవడమంటే మా ఇళ్లలో ఒకటే అర్థం. మా పాలమూరు మెట్టల్లో మేత ఎండిపోయే రోజుల్లో మందను తోలుకుని, పది పదిహేను రోజులు నడిచి, సాగర్ కాలువ కింద వరి కోసిన మడులకు పోవడం, పిలిచిన రైతు పొలంలో ఎరువు కోసం మందను పడుకోబెట్టడం, తొలకరికి మళ్లీ తిరిగి రావడం. నాయిన నలభై ఏళ్లు పోయాడు, నలభై ఏళ్లు తిరిగొచ్చాడు. కిందటి ఏడు పోయాడు.

ఆఫీసు గోడ ఎక్కడ ముగిసిందో నేను చూడలేదు, మేము కాలువ కట్ట మీద నడుస్తున్నాం, వెలుతురు పొద్దుటిదో సాయంత్రానిదో చెప్పడానికి లేకుండా అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తోంది, దేనికీ నీడ లేదు. నేను దిక్కు కోసం నీడను వెతుకుతుంటే నాయిన వెనక్కి చూడకుండానే నవ్వుతాడు. చెప్పులు విడువమంటాడు. చిన్నప్పుడు బడి సెలవుల్లో ఆయన వెంట నడిచినప్పుడు కూడా ఇదే మాట. ఎర్రచెలక ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో కళ్లకన్నా అరికాలికి ముందు తెలుస్తుందని, కాలువ దగ్గరపడితే ఒక చెంపకే చల్లగాలి తగులుతుందని, పొద్దుగూకే వేళ కొంగలు ఎటు వాలితే నీళ్లు అటేనని, చీకటితో బయలుదేరిన రోజు ఆకాశంలో గొల్లకావడి చుక్కలు ఏ భుజం మీద ఉన్నాయో చూసుకుంటే చాలని చెప్పేవాడు. నేను ఇవన్నీ విని, బడికి తిరిగొచ్చి, భూగోళం పుస్తకంలో అక్షాంశాలు రేఖాంశాలు కంఠతా పట్టాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. సర్వేలో ఉద్యోగం వచ్చినప్పుడు నాయిన ఊరంతా తిరిగి, మా బిడ్డ భూమిని కొలుస్తది అని చెప్పుకున్నాడు, ఒకాయన భూమిని కొలిచి ఏం జేస్తదని అడిగితే, నీ గట్టు జరుపుతది అన్నాడట.

"గొర్రెలకు తోవ ఎట్ల తెలుస్తది నాయినా?" అని నేను తెలిసిన ప్రశ్నే అడుగుతాను, ఆయన మాట ఆగిపోకూడదని.

"గిట్టల నడుమ వాసనుంటది బిడ్డా. ముందుది నేలకు రాసుకుంట పోతది, ఎనకది దాన్ని పట్టుకుంట పోతది. గొర్రెదాటని మీరు ఎక్కిరిస్తరు గాని, అది కండ్లు మూసుకొని పోవుడు గాదు. ముందుపోయినోళ్ల జాడను నమ్ముడు."

"నేను కూడా జాడ పట్టుకునే వచ్చిన."

"నువ్వు సుక్క ఎనక వొయినవ్."

ఆయనకు తెలుసు. ఆయనకు తెలిసిన దాన్నే నేను మళ్లీ మొదటి నుంచి, పైఅధికారికి సంజాయిషీ ఇచ్చుకున్నట్టు, వరసగా చెప్పడం మొదలుపెడతాను, చెబుతుంటే కాలువలో నీళ్లు నా మాటలతో పాటే పక్కన నడుస్తుంటాయి.

ఆ రోజు నాయినతో మంద వెంట ఉన్నది కొమురయ్య బావ, మా అక్క భర్త. ఒక రైతు పొలం నుంచి ఇంకో రైతు పొలానికి పొద్దుటిపూట నడుస్తుండగా నాయిన ఛాతీ పట్టుకుని కట్ట మీద కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. మందతో నడుస్తూ పోయినవాణ్ని మావాళ్లు ఇంటికి తేరు. ఆ దారి పక్కనే పూడ్చిపెట్టి, పైనుంచి మందను ఒక్కసారి దాటించి, ముందుకు పోతారు. బావ, దారిలో కలిసిన ఇంకో కాపరి అలాగే చేశారు. గుర్తుకు నాయిన కర్ర పాతారు. చోటు నాకు తెలియాలని బావ ఫోన్‌లో లొకేషన్ పంపాడు.

ఆ పంపడం నేర్పింది నేనే. ఆఫీసులో కూర్చుని మంద ఎక్కడుందో చూసుకోవచ్చని, మనిషి కదిలితే తానూ కదిలే లైవ్ లొకేషన్ బటన్ ఒక్కటే నేర్పాను. కదలని చోటు పంపాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

నేను శాఖాపరీక్షలో ఉన్నాను, ఫోన్ బయట పెట్టించారు. మధ్యాహ్నం వచ్చి కబురు విని, బస్సెక్కి, పటం తెరిచాను. కాలువ పక్కన నీలం చుక్క ఉంది. అది కదులుతోంది. చనిపోయాడని బావ గొంతుతో విన్నాను, కానీ చుక్క కదులుతోంది, గొర్రెల నడకలాగే ఆగి, మేసి, మళ్లీ కదులుతోంది. బస్సులో నాకు ఏడుపు రాలేదు. నాయిన నడుస్తున్నాడని నాలో ఏదో అనుకుంటూనే ఉంది. పొద్దుగూకే ముందు చుక్కను అందుకున్నాను. అక్కడ బావ ఉన్నాడు, మంద ఉంది. నాయిన ఏడని అడిగాను.

"చోటు పంపిన గదా," అన్నాడు బావ.

ఇద్దరం ఒకరి ఫోన్ ఒకరం చూసుకున్నాం. అప్పటికే లొకేషన్ ముగిసిందని వచ్చింది, అది మొదలైన చోటు ఎక్కడా మిగల్లేదు.

మర్నాడు వెనక్కి నడిచాం. రాత్రికిరాత్రే యాసంగి పంటకు నీళ్లు వదిలారు, మడులన్నీ ఒకే నీళ్లయ్యాయి. మూడు తూములు దాటాం అన్నాడు బావ, కాదు నాలుగు అన్నాడు, రెండు తుమ్మచెట్లు అన్నాడు, ప్రతి తూము దగ్గరా రెండు తుమ్మచెట్లున్నాయి. కర్ర లేదు. మంచి కర్రను ఎవరు మాత్రం వదిలేస్తారు. తర్వాత మందను అమ్మేశాం, బావ పట్నంలో సెంట్రింగ్ పనికి పోయాడు. నేను సెలవు పెట్టి మూడుసార్లు వెళ్లాను, మొన్న శుక్రవారం కూడా, ఉపగ్రహాలతో చోటు కొలిచే మా సర్వే కట్టె, రోవర్‌ను భుజాన వేసుకుని. రోవర్ పెట్టి నిలబడితే ఎవరి హద్దురాయి ఎక్కడుండాలో రెండు వేళ్ల తేడా లేకుండా చెప్పగలను. కట్ట పొడుగునా నిలబడ్డాను. నేను ఎక్కడున్నానో అది ప్రతిసారీ సరిగ్గా చెప్పింది.

"అమ్మ రాయి కొట్టించింది నాయినా," అని చెబుతాను. "నీ పేరు చెక్కి వాకిట్ల ఉంది. ఏడాది నిండేలోపు పెట్టకుంటే నీకు తోవ దొరకదంటది. ఇంక ఇరవై ఆరు రోజులే ఉంది. యాడ పెట్టాల్నో చెప్పు."

"ఈడనే," అంటాడు నాయిన.

నేను చంకలోని పటం విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, ఈడ అంటే ఏ తూము, ఏ మడి అని అడుగుతాను. పటం నిండా గీతలున్నాయి, అన్నీ నేను గీసినవే, అన్నీ నీళ్లలో తడిసి నెమ్మదిగా ఒక వైపుకు పోతున్నాయి. తల ఎత్తేసరికి నాయిన ఇంకో చోట నిలబడి ఉన్నాడు, అక్కడి నుంచి కూడా ఈడనే అంటున్నాడు. నేను అటు పరుగెత్తుతాను. ఆయన మళ్లీ ఇంకో చోట. తుమ్మచెట్లు రెండేసి రెండేసి మా ఇద్దరి మధ్య నుంచి నడిచిపోతున్నాయి.

"నాయినా, ఒక్కతాన నిలబడు. నాకు అందుతలేవు."

అప్పుడు ఆగుతాడు. ఇంతసేపటికి మొదటిసారి ఆగుతాడు. గొంగడి అంచు కొద్దిగా నా వైపు తిరుగుతుంది, లోపల ముఖం ఉండాల్సిన చోట మునిమాపు ఉంది, గొంతు మాత్రం నాయినదే, చలికి కొంచెం బొంగురుపోయి.

"నేనే నిన్ను అడుగుదమని వచ్చిన బిడ్డా. నువ్వు భూమి కొలిచేదానివి గదా. నేను యాడున్న?"

అడుగుతున్నది తోవ తప్పడమన్నది ఎరగని మనిషి.

"మంద నా మీదికెళ్లి దాటింది ఎర్కే," అంటాడు. "గిట్టలు బరువు లేకుండె, వానచినుకులు వడ్డట్టుండె. ఎనక గంట దూరం వొయింది. లేసి ఎనకెనక పోదమంటే ఏ దిక్కో తెలుస్తలే. తలకాడ నీళ్ల చప్పుడు, గంతే. నలభై ఏండ్లు తప్పలే. సచ్చి తప్పిన." నవ్వబోయి, ఆ నవ్వును సగంలో వదిలేస్తాడు.

మాట్లాడుతూనే నడుస్తున్నాడు, కానీ ముందుకు కాదు. ఏదో కట్టేసినట్టు, కొంత దూరం వంపుగా పోయి, ఆగి, అదే వంపులో తిరిగొస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు. ఆయన పాదాల కింద కొయ్యకాళ్లు నలిగి, మట్టి తేలి, కొడవలిలాంటి జాడ పడుతోంది. మిగతా సగం వైపు ఒక్క పరక కూడా వంగలేదు. ఎందుకలా నడుస్తున్నావని అడగాలనుకుంటాను, కానీ ఆయనే అడుగుతాడు.

"బొల్లిని ఎవరికిచ్చిన్రు?"

"ఇయ్యలే నాయినా. ముసలిదని ఎవరూ కొనలే. వాకిట్ల కట్టేసినం."

"కట్టేసిన్రా?"

ఆ మాట అరుపు కాదు. అయినా కాలువలో నీళ్లు ఆగినట్టయింది.

"అందరికన్న ముందు నా మీద అడుగువెట్టింది అదే," అంటాడు నాయిన. "నేనున్న చోటును ముక్కుతోని వాసన చూసి, జరసేపు నిలబడి, అప్పుడు దాటింది. కొమురయ్య అదిలిస్తే గాని కదల్లే. దాని మెడకు తాడేసి, నువ్వు భుజాన ఇనుపకట్టె ఏసుకొని నీళ్లల్ల తిరుగుతున్నవా? సదువుకున్నదానివి. ఎవర్ని అడగాల్నో తెల్వకపాయె?"

తప్పయింది నాయినా అంటాను. గంట మళ్లీ మోగుతోంది, ఈసారి నడిచే గంట కాదు, ఆగి ఆగి, ఒక్కొక్క గుంజుడుకు ఒక్కొక్కసారి. నాయిన తల అటు తిప్పి వింటున్నాడు. వింటూ వింటూ గొంగడిలోంచి పలచబడుతున్నాడు, కొయ్యకాళ్ల మధ్య ఆ సగం వంపు జాడ మాత్రం మిగిలి ఉంది, నేను దాని మీద అరచెయ్యి పెడతాను, మట్టి వెచ్చగా ఉంది, పిడికిట్లోకి తీసుకోబోతే ఉన్నిలా గరుకుగా తగులుతుంది.

నా పిడికిట్లో గొంగడి అంచు ఉంది. ఆదివారం, అన్నం తిని మా ఇంటి అరుగు మీద నాయిన గొంగడి పరుచుకుని పడుకున్నాను, ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయింది. అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. కలలో ఏమన్నానో, నా వైపు ఒకసారి చూసి మళ్లీ చెరగడంలో పడింది.

గంట మోగింది. వాకిట్లో, నాయిన పేరు చెక్కిన రాయికి అవతల, గుంజకు కట్టి ఉన్న బొల్లి తాడును మెడతో గుంజుతోంది. ఇది రోజూ విని కూడా ఏనాడూ లేచి చూడలేదు. ఈ నెల రోజుల నుంచీ అట్లనే జేస్తున్నది, మేత కూడ ముడుతలే అంది అమ్మ.

దగ్గరికి వెళ్లాను. కట్టేసిన జీవం గుంజ చుట్టూ తిరిగితే నేల మీద నిండు చుట్టు పడుతుంది. ఇక్కడ సగమే ఉంది. పడమటి వైపు గడ్డి మొలిచింది మొలిచినట్టే నిలబడి ఉంది. తూర్పు వైపు మాత్రం మట్టి గిట్టల కింద పొడిపొడిగా లేచి, కొడవలి వంపుతో బెత్తెడు లోతుకు దిగింది, ఆ వంపు మధ్యలో బొల్లి నా వైపు చూడకుండా నిలబడి ఉంది, తాడు బిగిసి ఉంది.