మోకాలి గుడ్డ

స్వెటర్ మెడపట్టీని ఎడమ మోకాలి మీద ఒక్క లాగు లాగి యంత్రం చక్రం మీదికి ఎత్తబోయిన ఎడ్విజ్ చెయ్యి మధ్యలోనే ఆగింది. పట్టీ జర్రున జారిపోయింది. ఇన్నేళ్లలో కన్నకూతుళ్లు ఎదురు తిరిగారు, వంటింటి రేకు కప్పు ఎదురు తిరిగింది గానీ ఈ మోకాలు మాత్రం ఎన్నడూ ఎదురు తిరగలేదు. ఆమె కళ్లజోడు సర్దుకుని ఏప్రన్ వైపు చూసుకుంది. ముతక పిండిబస్తా ముక్క ఉండాల్సిన చోట తళతళలాడే శాటిన్ గుడ్డ ఉంది. దాని మీద ఊదారంగు దారంతో పూలు, పూల మధ్య బుజ్జి ఎద్దుబండి కుట్టి ఉన్నాయి.

పక్క స్టూలు మీద సహోంద్ర పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. మడగాస్కర్ నుంచి పని నేర్చుకోవడానికి ఈ చలికాలం మొదట్లో వచ్చిన ఆడపిల్లల్లో ఆమె ఒకతె. అంట్సిరాబే ఊళ్లో రోడ్డు పక్కన కూర్చుని టేబుల్ గుడ్డల మీద పూలు కుట్టి అమ్ముకునేది.

"అందరివీ మార్చాలని ఉండింది పిన్నీ," అంది మెల్లిగా. "ఇక్కడ అందరి ఏప్రన్లూ ఎడమ మోకాలి దగ్గరే చిరుగుతాయెందుకో. టైం చాలక మీ ఒక్కరిదే కుట్టాను. రేపు వెళ్లిపోతున్నాం కదా."

ఎడ్విజ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంత బాగుందే అని పిల్ల బుగ్గ నిమిరింది. పువ్వుల మీద చేత్తో రాసి చూసింది. ఆ గుడ్డ చేతి కింద వెన్నలా జారుతోంది.

వాళ్ల పని స్వెటర్‌కి మెడపట్టీ అతికించడం. పళ్లెమంత చక్రం అంచున సూదులు బారులు తీరి నిలబడి ఉంటాయి. పట్టీ అంచున ఉన్న ఉన్ని ఉచ్చుల్ని ఒక్కొక్క సూదికీ ఒక్కొక్కటి తగిలించుకుంటూ పోవాలి. ఒక్కటి జారినా మెడ దగ్గర చిల్లు పడుతుంది. ఈ క్యూర్‌పీప్ ఊరి చలికీ ముసురుకీ ఉన్ని ముడుచుకుపోయి ఉచ్చులు కళ్లు మూసుకుంటాయి. ముతకగుడ్డ మీద ఒక్కసారి లాగితే లేచి నోళ్లు తెరుస్తాయి. ఆ హాల్లో ఆడవాళ్లు మాటల్లో పడి చూడకుండానే లాగేస్తారు. కొత్తవాళ్లు చూస్తే మోకాలికి చెయ్యి తుడుచుకుంటున్నారనుకుంటారు.

కొత్తవాళ్లు అలాగే అనుకోవాలని జినెట్ పట్టుబట్టింది. జినెట్, ఎడ్విజ్ ఒకే ఏడాది పనిలో చేరారు, ఒకే బస్సులో వస్తారు, ఒకరి పిల్లలకు ఒకరు జ్ఞానస్నానమప్పుడు నిలబడ్డ జ్ఞానతల్లులు. ఆ పిల్లలు వచ్చిన మొదటి వారమే క్యాంటీన్‌లో జినెట్ అందరినీ దగ్గరికి పిలిచి చెప్పింది: "నేర్పమన్నారు, నేర్పుదాం. ప్రేమగానే నేర్పుదాం. గుడ్డ సంగతి మాత్రం ఎవరూ నోరెత్తకండి." అక్కడి పిల్లలకు చెయ్యి కుదిరిన రోజున యంత్రాలు మడగాస్కర్‌కి ఓడెక్కుతాయి, ఈ హాలు మూతపడుతుంది. కుదరకపోతే ఇంకో ఏడాది, అదృష్టం బాగుంటే రెండేళ్లు గడుస్తుంది. అప్పటికి సగం మందికి పింఛను వచ్చేస్తుంది. అందరూ తలలూపారు. ఎడ్విజ్ కూడా ఊపింది.

టీ వేళకి రేడియోలో వార్తలొచ్చాయి. మన చిన్న దీవి నుంచి బయటి దేశాలకు వెళ్లే పెట్టుబడి ఏటికేడూ పెరుగుతోందనీ, ఖండం మీద మన కంపెనీల జెండాలు ఎగురుతున్నాయనీ, అందులో మడగాస్కర్‌కే పెద్దపీటనీ చదివేవాడు పొంగిపోతూ చెప్పాడు.

"పెట్టుబడంటే ఏ బ్యాంకులోనో ఉంటుందనుకున్నానే," అంది జినెట్. "మన కింద ఉన్న స్టూళ్లేనట."

అందరూ పగలబడి నవ్వారు. ఎడ్విజ్ కూడా నవ్వింది. ఆ నవ్వుకి ఒక ఉచ్చు జారింది. ఆ పూట ఆమె చేతిలో చిల్లులు పడ్డ పట్టీలు బుట్టలో పోగయ్యాయి. పాత గుడ్డ ఏదని అడగలేదు. అడిగితే ఎందుకని ఆ పిల్ల అడుగుతుంది. ఈలోగా సహోంద్ర తన పట్టీతో కుస్తీ పడుతోంది. ముడుచుకున్న ఉచ్చుల్ని గోటితో విడదీసి, విడదీసి, మూడోసారి మొదటికొచ్చింది. మధ్యాహ్నం డైరెక్టరు ఎదుట పరీక్ష ఉంది. నెగ్గితే అక్కడి కొత్త హాల్లో ఉద్యోగం. తప్పితే మళ్లీ రోడ్డు పక్కన ఆ టేబుల్ గుడ్డలే. ఇంటి దగ్గర ఆరేళ్ల కొడుకున్నాడు. వాడి ముందు పళ్లు ఊడిన సంగతి ఫోన్‌లో విని ఆమె ఆ రోజంతా తనలో తనే నవ్వుకుంది, మధ్యమధ్య ముక్కు చీదుకుంది.

భోజనాల వేళ ఎడ్విజ్ క్యాంటీన్‌కి వెళ్లలేదు. దాల్ పూరీ కాగితంలోనే చల్లారిపోయింది. ఆమెకి మదాం లాయ్ గుర్తొచ్చింది. ఎడ్విజ్‌కి పంతొమ్మిదేళ్లప్పుడు హాంకాంగ్ వాళ్ల డబ్బు ఈ దీవికొచ్చింది, డబ్బు వెంట యంత్రాలొచ్చాయి, యంత్రాల వెంట మదాం లాయ్ వచ్చింది. బక్కపలచని మనిషి. ఇక్కడి మాట ఒక్కటీ రాదు. ఎడ్విజ్ ఉచ్చులు జార్చుకుని ఏడుస్తుంటే, ఒకరోజు ఆవిడ తన మోకాలి మీది గుడ్డముక్క విప్పి, ఎడ్విజ్ గౌను మీద పెట్టి నాలుగు కుట్లు వేసి, మోకాలి మీద చిన్నగా తట్టింది. మొదటి జీతంతో ఎడ్విజ్ ఎర్ర బూట్లు కొనుక్కుని ఆదివారం చర్చిలో టకటకలాడించింది. ఆ డబ్బుతోనే తర్వాత ఇల్లు లేచింది, చెరుకు లారీ నడిపే మొగుడు చిన్న వయసులోనే పోయాక ఇద్దరు పిల్లలు ఒడ్డెక్కారు. ఆ యంత్రాల్ని హాంకాంగ్‌లో ఏ హాల్లోంచి ఊడబెరికి తెచ్చారో, అక్కడ ఎవరి కాళ్ల ముందు నుంచి లాక్కొచ్చారో మాత్రం ఆమె ఒక్కనాడూ ఆలోచించలేదు. మదాం లాయ్‌కి తెలియకుండా ఉంటుందా? అన్నీ తెలిసే ఇచ్చింది. ఆ మాట తోచగానే ఎడ్విజ్, పక్క స్టూలు మీద ఇంకా పట్టీతో తంటాలు పడుతున్న సహోంద్ర వైపు తిరిగింది.

"నా పాత గుడ్డ ఎక్కడ పారేశావే?" అంది.

సహోంద్ర ఏప్రన్ జేబులోంచి తీసింది. గుడ్డముక్క పారేసే అలవాటు వాళ్లింట్లో ఎవరికీ లేదట. ఎడ్విజ్ సూదీ దారం తీసి, ఆ పిల్ల ఎడమ మోకాలి మీద గుడ్డ పరిచి గట్టిగా కుట్టింది. ఒక పట్టీ తీసుకుని దాని మీద లాగి చూపించింది. ఉచ్చులన్నీ లేచి నిలబడ్డాయి. సహోంద్ర కాసేపు వాటి వంకే చూసింది. తర్వాత తల తిప్పి, భోజనానికి వెళ్తూ అందరూ వరసగా తగిలించిన ఏప్రన్ల మీది గుడ్డముక్కలన్నిటి వంకా చూసింది. చివరికి పిన్ని మోకాలి మీది శాటిన్ పూలను చూసి మొహం చేతుల్లో దాచుకుంది.

"అయ్యో పిన్నీ. నేనేం చేశాను."

"మంచిపనే చేశావులే. తిను, టైమవుతోంది."

పరీక్షకి డైరెక్టరు ఒక్కడే వచ్చాడు. సహోంద్ర అతికించిన స్వెటర్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి తిప్పి చూశాడు. మెడ చుట్టూ ఒక్క చుక్క వెలుతురు కూడా దూరలేదు. ఆమెకి చెయ్యిచ్చి, హాలంతటికీ వినపడేలా, వచ్చే నెలలో యంత్రాలు కంటెయినర్‌లోకి ఎక్కుతాయని చెప్పాడు. తర్వాత జినెట్ దగ్గర నేర్చుకున్న లాంతో అనే పిల్ల వంతు వచ్చింది. ఆమె స్వెటర్‌లో రెండు చోట్ల వెలుతురు కనిపించింది. డైరెక్టరు చెడ్డవాడేం కాదు, ఊరికి వెళ్లాక ఇంకో అవకాశం ఇస్తామన్నాడు. లాంతో చేతులు ఏప్రన్ కింద దాచుకుని నిలబడే ఏడ్చింది.

జినెట్ సహోంద్ర మోకాలి వంక చూసింది. అక్కడి నుంచి ఎడ్విజ్ మోకాలి వంక చూసింది. యంత్రం మీదికి వంగింది.

సాయంత్రం రోజ్ బెల్ వెళ్లే బస్సులో ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే సీట్లోనే కూర్చున్నారు. ఎప్పుడూ ఒళ్లో ఉండే జినెట్ సంచి ఇవాళ ఇద్దరి మధ్యా ఉంది. ముసురుకి కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. ఎడ్విజ్ రెండు స్టాపుల దాకా నోరు కట్టుకుంది. ఆపైన ఆమె వల్ల కాలేదు. పొద్దున్నే పిల్లల్ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే వ్యాను వస్తుందనీ, చిలగడదుంప కజ్జికాయలు చేసి తాను తీసుకెళ్తాననీ చెప్పింది. జినెట్ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"తిట్టవే," అంది ఎడ్విజ్. "ఊరుకున్నావంటే భయమేస్తోంది."

జినెట్ అద్దం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. చెరుకు తోటల మలుపు దాటాక నోరు విప్పింది.

"నా పిల్ల తప్పింది. దగ్గరుండి నేర్పాను. అది అంతమందిలో ఏడుస్తుంటే కూర్చుని చూశాను. నీ మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?"

జినెట్ దిగే చోట బస్సు ఆగింది. ఆమె రోజూ చెప్పే 'రేపు కలుద్దాం' చెప్పకుండా, 'పొద్దున్న ఆ వ్యాన్లో లాంతో కూడా ఉంటుంది కదా' అని మాత్రం అని సంచి అందుకుని లేచింది. ముసురులో తల మీద రుమాలు కప్పుకుని, వెనక్కి తిరిగి చూడకుండా సందులోకి నడిచిపోయింది. బస్సు కదిలింది. ఎడ్విజ్ తెల్లబడ్డ అద్దాన్ని చేత్తో తుడిచి చూసేసరికి సందులో ఎవరూ లేరు.

పక్కకి జరగబోతూ చేత్తో తడిమింది. సంచి ఉన్న చోట, సీటు మీద, పిండిబస్తా గుడ్డముక్క ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని అంచుల్లో పళ్లతో కొరికి తెంపిన దారాలు ఇంకా వేలాడుతున్నాయి.