నలభై తెరలు

బతికున్న కంప్యూటర్లను చెత్త లారీలోకి విసురుతున్నారు. స్కూలు మెట్ల మీద నిలబడి వీప్కె కళ్లారా చూసింది. నిన్నటిదాకా పిల్లలు లెక్కలు చేసుకున్నవే అవి. కొత్త సిస్టమ్ వీటి మీద నడవదని దాన్ని అమ్మే కంపెనీ చెప్పింది. నగరపాలక సంస్థ ఆఫీసు తలూపింది. ఇంట్లో కంప్యూటర్ లేని రేవు కూలీల పిల్లల సంగతి ఎవరూ అడగలేదు.

"ఇంకో నలభై ఉన్నాయి. శుక్రవారం వస్తారట," అంది స్కూలు కాపలా మనిషి ఎర్నా. "ఉచితంగా దొరికే ఆ లినక్స్ ఎక్కిస్తే నడుస్తాయన్నావుగా అమ్మాయ్. మీ వాళ్లను పిలువు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి."

ఐదు సంఘాలు వచ్చాయి. అందరూ జీతం లేకుండా, తీరిక వేళల్లో, లినక్స్‌తో తలో సిస్టమ్ తయారుచేసినవాళ్లే. మంగళవారం వాదించుకున్నారు. బుధవారమూ వాదించుకున్నారు.

"జనానికి మెనూ కిందుండాలి. మా సిస్టమ్ మోవెలో కిందే ఉంది," అన్నాడు హెన్నింగ్.

"నెలకోసారి పడకేసే మోవేనా?" అన్నాడు ఇంకో సంఘంవాడు.

"మీది మ్యూజియంలో పెట్టండి పోయి!"

వీప్కె మూల కూర్చుని నోట్‌బుక్‌లో సమావేశం మినిట్స్ రాస్తోంది. పాత యంత్రాల కోసం తొమ్మిదేళ్లుగా ఆమె కూడా ఒక సిస్టమ్‌ను పెంచుతోంది. దాని పేరు నాలుకదాకా వచ్చింది.

ఎర్నా కాఫీ తెచ్చింది. "పిల్లలొచ్చి ఇదేంటని అడిగితే ఏం పేరు చెప్పను?"

ఐదు గొంతులు ఐదు పేర్లు చెప్పాయి. ఆ ఐదింట్లో వీప్కెదీ ఉంది.

ఎర్నా కెటిల్ ఠక్కున కింద పెట్టింది. "కంపెనీవాడు ఒక్క పేరే చెప్తాడు. మీరు తేల్చుకునేలోపు లారీ వచ్చిపోతుంది."

వీప్కె ముఖం వేడెక్కింది. లేచి, అందరూ చూస్తుండగా తన ప్రాజెక్టు పేజీ తెరిచి రాసింది: పని ఆపేశాం. మోవెతో కలిశాం.

"మాదే మంచిదని ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు హెన్నింగ్.

"లేదు. నీ మెనూ చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. కానీ పిల్లల చేతులకు అలవాటైంది కింద ఉండే మెనూనే. ఇక వాదన చాలు, స్క్రూడ్రైవర్ అందుకో."

 తర్వాత రెండో సంఘం పేజీ మూతపడింది. మూడోది. నాలుగోది.

గురువారమంతా ఎక్కిస్తూనే ఉన్నారు. శుక్రవారం లారీతో పాటు పోలీసులూ వచ్చారు. సంఘాలవాళ్లు ఇరవైమంది తలుపుకి అడ్డంగా కూర్చున్నారు.

"పారేసినా ఇది నగరం సొత్తే. ముట్టుకుంటే దొంగతనం," అన్నాడు పోలీసు అధికారి. "అసలేం ఎక్కించారు వీటిల్లో?"

"మోవె!" ఐదు సంఘాలూ ఒక్కసారే అన్నాయి.

ముందు వరసలో ఉన్న వీప్కెను లేవమన్నారు. ఆమె లేవలేదు. చేతులు, కాళ్లు పట్టి ఎత్తుకుపోయారు. పోలీసు కారు అద్దంలోంచి చూస్తే స్కూలు కిటికీల్లో నలభై తెరలూ వెలుగుతున్నాయి, మెనూ కింద పెట్టుకుని. ఆ తలుపు ముందు ఆమె ఖాళీ చేసిన చోట అప్పటికే ఎర్నా కూర్చుంది.

"అవతలి రేవు స్కూలుకి సోమవారమట లారీ," ఎర్నా అరిచి చెప్పింది. "అక్కడ కాపలా మా చెల్లెలే!"

హెన్నింగ్ వీప్కె నోట్‌బుక్ తీసుకుని, కొత్త పేజీలో ఆ స్కూలు పేరు రాశాడు. ఏది ఎక్కించాలని ఈసారి ఎవరూ అడగలేదు.