ఏడు మీటర్ల గురి

గాజుతో చేసిన వస్తువు ఏదైనా సరే, తన మాట వినితీరుతుందని కళ్ళజోళ్ళ షాపాయన నమ్మకం. పక్కింట్లో చేపల తొట్టె కారినా, ఎదురింటి వాళ్ళ టీవీలో బొమ్మ మసకబారినా పిలవకుండానే వెళ్ళి, నాలుగు సలహాలు పారేసి, టీ తాగి వచ్చేవాడు. ఆయన వచ్చి వెళ్ళాక ఆ తొట్టె ఇంకాస్త ఎక్కువ కారేదని పక్కింటావిడ అంటుంది. ఆయన ముందు మాత్రం అనదు. ఆవిడ కళ్ళజోడు ఆయన షాపులో కొన్నదే.

అలాంటి మనిషి ఇంట్లోకి, గురి చూసే అద్దాల గొట్టం, అదే స్కోప్, బిగించిన గాలి తుపాకీ వచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది.

తుపాకీ ఆయన కూతురిది. మూతబడిన మిల్లు గోదాములో నడిచే గురి క్లబ్బులో ఆ పిల్ల రెండేళ్ళుగా సాధన చేస్తోంది. మాటలు తక్కువ, చెయ్యి నిలకడ ఎక్కువ. ఈ ఏడాది పై పోటీలకు వెళ్ళే జట్టులో ఒకే ఒక్క ఖాళీ ఉంది. దానికి పోటీ ఆదివారం పొద్దున. ఇద్దరే మిగిలారు: ఈ పిల్ల, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు. శనివారం సాయంత్రమే కూతురు క్లబ్బుకెళ్ళి, పోటీలో ఉండే ఇరవై అయిదు మీటర్ల దూరంలోనే అట్ట పెట్టుకుని, స్కోప్‌లో గీతలు ఎక్కడ కలుస్తాయో గుండు సరిగ్గా అక్కడే తగిలేలా సరిచేసుకుని వచ్చింది. తుపాకీని పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువా పక్కన నిలబెట్టింది.

"దాని జోలికి వెళ్ళకండి. పిల్ల సరిచేసుకుంది," అని భార్య ముందే చెప్పింది.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అన్నాడాయన. చిన్నపిల్లాడైతే ఆ మాట వినేవాడేమో.

ఆదివారం పొద్దున కూతురు స్నానానికి వెళ్ళింది, భార్య డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆయన పెట్టె తెరిచాడు. ఒక్కసారి చూసి పెట్టేద్దామనే అనుకున్నాడు పాపం. వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే హాలు దాటి వరండా చివరికి ఏడు మీటర్లుంటుంది. అక్కడ పాత పేపర్లు కుక్కిన అట్టపెట్టె పెట్టి, దాని మీద పెన్నుతో చుక్క పెట్టి, గురి చూసి కాల్చాడు. గుండు చుక్కకి బొటనవేలెడు కింద తగిలింది. ఇంకోటి కాల్చాడు. అదీ అక్కడే.

ఇలాంటి తుపాకీతో పిల్ల పోటీకి వెళ్తోందా? సమయానికి తను చూశాడు కాబట్టి సరిపోయింది.

నిజానికి అది తగలవలసిన చోటే తగిలింది. తుపాకీ గొట్టం కింద ఉంటుంది, స్కోప్ దాని నెత్తిన ఉంటుంది. చూపు తిన్నగా పోతుంది, గుండు తిన్నగా పోదు. చూపుకు కింద బయలుదేరి, ఎగబాకుతూ పోయి దాన్ని కలుసుకుని, ఆ తర్వాత బరువుకి వాలిపోతుంది. ఇరవై అయిదు మీటర్ల దగ్గర కలిసేలా పెట్టుకున్న గుండు ఏడు మీటర్ల దగ్గర ఇంకా కిందనే ఉంటుంది మరి. ఈ సంగతి క్లబ్బులో చేరిన మొదటి వారమే చెబుతారు. కూతురు ఇంట్లో కూడా చెప్పబోయింది. ఆయన వినకుండా ఆ పిల్లకే కుంభాకార కటకం గురించి గంటసేపు పాఠం చెప్పాడు.

స్కోప్ మీది మూత విప్పి, గురిని పైకీ కిందికీ జరిపే మర తిప్పాడు. టిక్కు టిక్కుమంది. కాల్చి చూశాడు, మళ్ళీ తిప్పాడు. చివరికి గుండు చుక్క నడిమధ్యన దిగేసరికి ఆయనకు కళ్ళు చెమర్చాయి. కూతురి మీద ఆయనకున్న ప్రేమలో అబద్ధం లేదు. ఆ ప్రేమను ఊరికే ఉంచుకోవడం చేతకాదు, అంతే. తుపాకీని ఎప్పటిలాగే పెట్టెలో పెట్టేసి, పోటీ గెలిచాక చెప్పి ఆశ్చర్యపరచాలనుకున్నాడు.

గోదాములో బెంచీల నిండా జనం. వాళ్ళలో సగం మంది ముక్కుల మీద ఆయన అమ్మిన అద్దాలే. అందుకని ఆయన దర్జాగా నడిమధ్యన కూర్చుని, గురి అంటే చేతిలో కాదు, చూపులో ఉంటుందనీ, తన కూతురికి ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదనీ చెబుతూనే ఉన్నాడు.

ముందు ఎవరికి వాళ్ళు లెక్కలోకి రాని మూడు గుళ్ళు కాల్చి చూసుకోవచ్చు. నర్సు కాల్చింది, బాగానే తగిలాయి. కూతురు కాల్చింది. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకేచోట తగిలాయి. కాకపోతే నల్లటి గుండ్రానికి నాలుగు వేళ్ళు పైన, తెల్లకాగితం మీద.

కూతురు తుపాకీ దించి, స్కోప్ మీది మూత వైపు చూసింది.

"గాలండీ, ఆ కిటికీ నుంచి గాలి కొడుతోంది," అన్నాడు షాపాయన పక్కనున్నవాళ్ళతో. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆ మాట; ఆ కిటికీకి రేకు కొట్టి ఏళ్ళయింది.

క్లబ్బు కోచ్ వచ్చి కాగితం చూశాడు. "చెయ్యి బాగానే ఉందమ్మా. మూడూ ఒకే ముద్దగా పడ్డాయి. మర తిరిగింది. నిన్న నువ్వు సరిచేసినప్పుడు నేనూ చూశాను కదా. దగ్గర్నుంచి కాల్చి, కింద తగులుతోందని ఎవరో పైకి ఎత్తినట్టున్నారు. ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది. పోటీ రోజున ఎవరూ తన మర తాను తిప్పుకోకూడదు. సొంత తుపాకీ సంగతి ముందురోజే తేల్చుకోవాలి. కానీ వేరేవాళ్ళ చెయ్యి పడి చెడితే మాత్రం మళ్ళీ సరిచేసుకోనిస్తారు. ఒకసారి ఒకాయన తుపాకీ మీద ఇంకొకాయన చూసుకోకుండా కూర్చున్నప్పుడు పుట్టిన నియమం అది. ముట్టుకున్న మనిషి నోటితో ఒప్పుకుంటే చాలు.

అంటే ఇప్పుడు "నేనే" అని ఒక్క మాట చాలు.

ఏడు మీటర్లూ, బొటనవేలూ, వినకుండా తోసేసిన పాఠం, అన్నీ ఒక్కసారిగా షాపాయనకు అర్థమయ్యాయి. లేచి చెబుదామనుకున్నాడు. చుట్టూ చూస్తే అన్నీ తను అమ్మిన అద్దాలే. వాటి వెనక నుంచి అన్ని కళ్ళూ తననే చూస్తున్నట్టనిపించింది. స్కోప్ సంగతి తెలియనివాడికి కళ్ళ సంగతి ఏం తెలుసని రేపు షాపుకి ఎవరొస్తారు? తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. కూర్చుని, కూతురి వైపు చూశాడు.

కూతురు కూడా ఆయన వైపే చూస్తోంది. తొందరేమీ పెట్టలేదు. ఆయనకు కావలసినంత సమయం ఇచ్చింది. తర్వాత కోచ్ వైపు తిరిగింది.

"నేనే సార్. పొద్దున ఇంట్లో తిప్పాను."

"నువ్వా?" అన్నాడు కోచ్. నమ్మినట్టు లేడు, కానీ నియమం నియమమే. "అయితే అలాగే కాల్చాలమ్మా."

అలాగే కాల్చింది. నాలుగు వేళ్ళు కిందికి, ఏ గుర్తూ లేని తెల్లకాగితం మీద అందాజుగా గురి పెట్టి కాల్చింది. కొన్ని నడిమధ్యన పడ్డాయి, కొన్ని పక్కకి పోయాయి. ఆ స్థానం నర్సుకి దక్కింది. కూతురు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని అభినందించి, తుపాకీ పెట్టెలో సర్దుకుని బయటికొచ్చింది.

దారిలో ఆయన అలవాటు ఊరుకోలేదు. "అసలు ఆ రూలే తప్పు. రేపు నేనే వెళ్ళి ఆ కోచ్‌తో మాట్లాడతాను. నేను తిప్పింది కూడా నీ మంచికే కదమ్మా."

"తెలుసు నాన్నా. నువ్వు తిప్పినందుకు నాకు కోపం లేదు. నువ్వు ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటావు, నేను తాళం వేసుకోవాల్సింది."

"మరింకేం?"

"సార్ అడిగినప్పుడు నువ్వు తల దించుకుని ఉంటే, భయపడ్డావులే అనుకునేదాన్ని. నువ్వు నా వైపు చూశావు. నన్ను ఒప్పుకోమని చూశావు."

ఆయన ఏం చెయ్యాలో తోచక, బరువుగా ఉంటుందని, కూతురి చేతిలోని పెట్టె అందుకోబోయాడు.

ఆమె దాన్ని అవతలి చేతిలోకి మార్చుకుని నడిచింది.