జోసఫ్ గారి క్రిస్మస్ రంగు

నర్సాపురంలో పుట్టిన జోసఫ్‌కి ఇంటికి రంగు వెయ్యనిదే క్రిస్మస్ వచ్చినట్టుండదు. అమెరికా వచ్చాక శాన్ రామన్‌లో సొంతిల్లు ఉన్నా దానికి ఏ రంగు వెయ్యాలో కాలనీ అసోసియేషన్ వాళ్ళే చెబుతారు. అందుకని ఆ ముచ్చటంతా కొండల్లో కొన్న, దుంగలు పేర్చి కట్టిన ఇంటి మీద తీర్చుకునేవాడు. ఏటా పండగ ముందు దుంగలన్నిటికీ లేతనీలం ఆయిల్ పెయింట్ దట్టంగా పట్టించేవాడు. చెక్కకు గాలాడాలనీ, ఇలా మూసేస్తే లోపలి తడి ఎటూ పోదనీ పక్కింటి తెల్లాయన ఒకసారి చెప్పాడు. జోసఫ్ నవ్వేసి ఇంకో పూత వేశాడు. చర్చి వాళ్ళంతా "అద్దంలా ఉంది బ్రదర్" అంటుంటే పక్కింటాయన మాట ఎవరికి కావాలి?

ఆ శనివారం చర్చి కుటుంబాలు కేరల్స్ ప్రాక్టీసుకని అక్కడికి వచ్చాయి. పిల్లలంతా పైన అటక గదిలో చేరి గంతులేస్తూ పాడుతున్నారు. గోడకు పట్టిన సాలెగూళ్ళు దులుపుదామని బయటికి వెళ్ళిన జోసఫ్ భార్య పర్సిస్‌కి మూల దుంగ మీద రంగు పూరీలా ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కింది. నీళ్ళు కారాయి. కారులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి గుచ్చితే కేకులోకి చాకు దిగినట్టు దిగిపోయింది. పై దుంగా అంతే. అటక బరువంతా ఆ మూల మీదే ఉంది. పైన పిల్లలు గంతేసినప్పుడల్లా ఆమె అరచేతి కింద గోడ అదురుతోంది.

కేకలేస్తే అందరూ ఒక్కసారిగా మెట్ల మీద పడతారు. ఆ మెట్లనీ ఆ గోడకే బిగించారు. పర్సిస్ ముఖాన నవ్వు తెచ్చిపెట్టుకుని లోపలికి వెళ్ళింది.

"పిల్లలూ, బయట హాట్ చాక్లెట్ ఇస్తాను. మెల్లగా, ఒక్కొక్కరే దిగండి."

"ఆంటీ, వన్ మోర్ సాంగ్ ప్లీజ్" అంది నైనిక పైనుంచి.

"కిందకొచ్చి పాడుదువు గాని, రా నాన్నా."

ఒక్కొక్క పాదం మెట్టు మీద పడుతుంటే ఆమె తలలు లెక్కపెట్టింది. చివరికి నైనిక దిగింది. పెద్దవాళ్ళనూ ఏదో చెప్పి బయటికి పంపింది.

బయట సన్నగా వాన మొదలైంది.

"హాట్ చాక్లెట్ ఏది సిస్టర్?" అన్నాడు చర్చి వాళ్ళతో వచ్చిన వినయ్ కుమార్ చేతులు రుద్దుకుంటూ. పర్సిస్ ఉన్నదున్నట్టు చెప్పింది.

జోసఫ్ ముఖం ఎర్రబడింది. "లాస్ట్ వీకే కదా పెయింట్ చేశాను. ఈవిడకి అన్నిటికీ భయమే. పిల్లలు తడుస్తున్నారు, పదండి లోపలికి."

అందరూ ఇంటి వంక చూశారు. వానకి ఇంకా నిగనిగలాడుతోంది. ఎవరో నవ్వారు. అడుగులు గుమ్మం వైపు కదిలాయి. చర్చి వాళ్ళ ముందు భర్త మాటకు ఎదురు చెప్పడం పర్సిస్ ఎరగదు. అయినా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరే గుచ్చి చూడండి. ఆ తర్వాత పిల్లల్ని మీ చేత్తోనే పైకి పంపండి."

జోసఫ్ విసురుగా ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. ఆమె చెప్పిన మూలకు వెళ్ళలేదు. కిటికీ కింద, అన్నిటికన్నా నున్నగా మెరుస్తున్న దుంగను తనే ఎంచుకుని పొడిచాడు. పిడిదాకా దిగింది. లాగితే కుళ్ళిన చెక్క నల్లటి ముద్దగా ఊడి బూటు మీద పడింది. ఇంకోచోట పొడిచాడు. మరోచోట. ఎక్కడా గట్టిగా తగల్లేదు.

వణుకుతూ నైనిక దగ్గరికొచ్చింది. "అంకుల్, ఇప్పుడు లోపలికి వెళ్ళొచ్చా?"

జోసఫ్ కోటు విప్పి పాపకు కప్పాడు.

"లోపల ఇల్లు లేదు తల్లీ" అన్నాడు.