తెంపని నేత

సగ్రో కొండల మీంచి ఇసుక దేశంలోకి దిగే దారిలో తిజ్గరిన్ అని ఒక ఊరుంది. ఇప్పుడు చాలావరకు మట్టి గోడలే మిగిలాయి. ఊట ఎండిపోయాక జనం ఒక్కో ఇంటివాళ్ళూ మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. యాత్రికుల్ని కొండ దాటించే యిద్దర్ మాత్రం ఆ ఊరి ఛాయలకే పోయేవాడు కాదు. కంచరగాడిదల డెక్కలు అరిగిపోతున్నా సరే, చుట్టు తిరిగి వేరే కనుమ ఎక్కించేవాడు. తిజ్గరిన్ అతని సొంత ఊరు.

నేను అతని మేనత్త కొడుకుని, హమ్ముని. అతను దారి చూపిస్తాడు, నేను గాడిదల్ని తోలి వంట చేస్తాను.

ఆ వసంతంలో మా వెంట మరైకె అనే హాలండు ఆవిడ వచ్చింది. భర్త పోయిన మనిషి, అరవై దాటింది. నడకలో మా గాడిదలకంటే మొండి. మేము ఆవిణ్ణి గౌరవంగా లల్లా అనేవాళ్ళం. ఇద్దరికీ వచ్చిన ఫ్రెంచిలో యిద్దర్‌తో నవ్వుతూ పోట్లాడుతుండేది.

కనుమ దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. వడగళ్ళు మొదలయ్యాయి. చుట్టుదారిలో ఉన్న వాగు ఎర్రగా పొంగి రాళ్ళని దొర్లిస్తోంది.

"బావా, తిజ్గరిన్‌కి దిగుదాం," అన్నాను.

"దిగను."

"గాడిద తల పగిలితే ఈ సామాను ఎవడు మోస్తాడు? నీక్కాబోయే మామా?"

"హమ్మూ, తెలీనట్టు మాట్లాడకు."

తెలుసు. అతని తల్లి ఇజ్జా మగ్గం ముందే ప్రాణం విడిచింది. కొడుకు పెళ్ళికని తలముసుగున్న ఉన్ని అంగీ నేస్తోంది. మగ్గం మీద పడుగు లేచిన ఘడియ నుంచి ఆ బట్టకి ప్రాణం ఉంటుందని మా నమ్మకం. నేత పూర్తయ్యాక ఆడవాళ్ళు దానిమీద నీళ్ళు చల్లి, పోయేవాళ్ళ చెవిలో చెప్పే మాటలు చెప్పి, అప్పుడు తెంపుతారు. ఆ వేళ మగవాడు ఇంట్లో ఉండకూడదు, ఉంటే వాడి ఆయువు కూడా తెగిపోతుంది. ఇజ్జాకి కూతుళ్ళు లేరు. ఇరుగు పొరుగు అప్పటికే వెళ్ళిపోయారు. యిద్దర్ తల్లిని పూడ్చి, సగం నేతని అలాగే వదిలి తలుపు మూశాడు. తర్వాత మేకల కాపర్లు చెప్పుకునేవాళ్ళు, ఆ ఇంట్లోంచి మగ్గం చప్పుడు వస్తోందని.

ఒక వడగల్లు మరైకె నుదురు చీల్చింది. నెత్తురు చూశాక యిద్దర్ గాడిద కళ్ళెం పట్టుకుని కిందికి దారి తీశాడు.

ఊళ్ళో కప్పు నిలిచిన ఇల్లు యిద్దర్ వాళ్ళదొక్కటే. వాకిట్లోకి రాగానే విన్నాం. టక్. టక్. పేకని కిందికి దట్టించే ఇనప దువ్వెన చప్పుడు. తొందరేమీ లేదు, పని తెలిసిన చెయ్యి. యిద్దర్ తలుపు తోశాడు. చప్పుడు ఆగింది.

లోపల ఎవరూ లేరు. నిలువు మగ్గం గోడ పక్కన అలాగే ఉంది. అతను వదిలి వెళ్ళినప్పుడు కింది దూలానికి చుట్టిన బట్ట మణికట్టంత లావుండేదట. ఇప్పుడు తొడంత ఉంది. పైన జానెడు పడుగు మాత్రం ఖాళీగా మిగిలింది. ఉన్ని బుట్ట బోర్లా పడుంది, అందులో పోగు లేదు. నేత చివర వెండిలా మెరిసే సన్నని చార. యిద్దర్ దాన్ని తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఉన్ని అయిపోయింది," అన్నాడు మెల్లగా. "ఇది అమ్మ జుట్టు, హమ్మూ. స్నానం చేయించినప్పుడు చూశాను కదా."

మరైకె కట్టు బిగించుకుంటూ ఏమైందని అడిగింది. అతను అంతా చెప్పాడు. ఆవిడ వెళ్ళి మగ్గం ముందు నిలబడింది.

"తెంపడానికి ఆడది కావాలి, అంతేగా? నేను ఉన్నాను."

"మీరు మా ఇంటి మనిషి కారు లల్లా."

"మీ ఇంటి మనిషి ఎవరున్నారో చెప్పు, వాళ్ళనే పిలుద్దాం."

తెంపేముందు చెప్పే ఆ మాటలు అతను నేర్పాడు. ఆవిడకి సగం నోరు తిరగలేదు.

"తప్పులు పోతున్నాయి, మీ అమ్మకి కోపం రాదూ?"

"అమ్మకి సగం చెవుడు. మీరు కానివ్వండి," అన్నాడు. ఆ రోజంతటిలో అతను నవ్వింది అప్పుడే, అదీ కన్నీళ్ళతో.

నా తోలుసంచిలో నీళ్ళు, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర ఆవిడకిచ్చి మేమిద్దరం బయటికి వచ్చేశాం. తలమీద దుప్పటి కప్పుకుని గోడ వారగా కూర్చున్నాం. లోపల ఆవిడ గొంతు తడబడుతూ వినిపించింది. ఉన్నట్టుండి దువ్వెన గబగబా కొట్టుకుంది, మిగిలింది ముగించుకుంటున్నట్టు. యిద్దర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత కత్తెర. పడుగు పోగులు ఒక్కొక్కటే పుటుక్కున తెగాయి. ఇంక ఏ చప్పుడూ లేదు.

మరైకె మడత పెట్టిన బట్టని రెండు చేతులా మోసుకుంటూ గడపలోకి వచ్చి యిద్దర్‌ని నిలదీసింది.

"నన్నొక్కదాన్నే ఉండమని నువ్వెందుకొచ్చావయ్యా లోపలికి? ఏదైతేనేం, ఆ చీకట్లో రెండో కొస నువ్వు పట్టుకోబట్టే నేల తాకలేదు. నీ చేతులెంత చల్లగా ఉన్నాయో!"

ఆవిడ మా భుజాల మీద పేరుకున్న వడగళ్ళని చూసింది, మా మొహాలు చూసింది. గడప మీద కూలబడింది.

"మీ అమ్మ పొట్టిమనిషా?" అని అడిగింది.

"మీ భుజం దాకా వస్తుంది."

"అవును," అంది ఆవిడ. బట్టని ఒళ్ళోంచి దించకుండా వాన వెలిసేదాకా అలాగే కూర్చుంది.

శరత్కాలంలో యిద్దర్ ఆ అంగీ తొడుక్కుని పెళ్ళి చేసుకున్నాడు. మెడ దగ్గరి వెండి చారని ఆడవాళ్ళు తడిమి చూసి, ఏ మేక బొచ్చు అని అడిగారు. అతను ముసుగు ముందుకి లాక్కున్నాడు.

ఇప్పుడు అతను ఎవరిని తీసుకొచ్చినా తిజ్గరిన్ మీదుగానే తీసుకెళ్తాడు. నన్ను టీ పెట్టమని, తను ఆ ఇంట్లోకి పోయి ఖాళీ మగ్గం ముందు కూర్చుంటాడు. టీ చల్లారాక వస్తాడు.

మొన్న అడిగాను. "ఏమైనా వినిపించిందా బావా?"

"లేదురా," అన్నాడు. "నేను మొహం చాటేసుకు తిరిగినన్నాళ్ళూ అమ్మ ఇక్కడే ఉంది. ఇప్పుడు నేనొస్తే లేదు."